స్పీకర్లో పచ్చడి మోత

స్పీకర్లో మిక్సీ మోగడం మహాభాగ్యం! నవ్వకండి. నంద్యాల బియ్యం వ్యాపారి మహానందయ్యను చూడండి. హాల్లో కళ్లు మూసుకుని కూర్చునే ఇల్లంతా చూసొస్తాడు. పాట మధ్యలో స్పీకర్ 'టప్' అంటే ఫ్రిజ్ మేలుకుంది. 'జుయ్' అంటే ఎవరో ఫోను చార్జింగ్‌కు పెట్టారు. 'గర్ర్' అంటే భార్య ప్రమీలమ్మ పచ్చడి రుబ్బుతోంది. ఏ సీసీ కెమెరా ఇన్ని కబుర్లు చెబుతుంది?

కానీ ఆయనకు పాట మాత్రమే కావాలట! హైదరాబాదు నుంచి స్పీకర్లు తెప్పించాడు. ఆంప్లిఫయర్ మార్చాడు. వేలంత లావు వైర్లు వేయించాడు. ఖరీదైన సరుకు కదా, మిక్సీ మోత మరింత స్పష్టంగా వినబడింది!

మొన్న ఎండాకాలంలో ఒక ఆదివారం, ఆళ్లగడ్డ నుంచి ప్రమీలమ్మ అన్న ప్రభాకర్ పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు. పెళ్లిచూపుల్లో చెల్లెలు పాడిన పాట. పాత క్యాసెట్లో దొరికితే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. ఆనాడు ఆ పాట సగంలో ఉండగానే పెళ్లికి తలూపినవాడు మహానందయ్య. మురిసిపోతూ పెన్‌డ్రైవ్ పెట్టాడు. పల్లవి దాటకముందే గర్ర్!

"ఏం తిప్పుతాండావ్ మే?"

"అన్నకు శెనక్కాయల పచ్చడి రుబ్బుతాండా," వంటింట్లోంచి ప్రమీలమ్మ.

"బేగా ఆపు! నీ పాట వింటాండాం!"

చూశారా? భార్య పాట వినాలంటే ముందు భార్యను ఆపాలి!

మిక్సీ ఆగింది. ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాడు. బల్బులు, చార్జర్లు, వైఫై డబ్బా అన్నీ ఆర్పాడు. రెగ్యులేటర్ గుంయిమంటోందని ఫ్యాను కూడా కట్టేశాడు.

"బావా, పాట అయిపోయేలోపల నేను పోయేటట్టుండా," అన్నాడు ప్రభాకర్, చెమట తుడుచుకుంటూ.

అప్పుడు వినబడింది, కడిగిన ముత్యంలాంటి గొంతు! మహానందయ్య కళ్లు చెమర్చాయి. అంతలోనే భృకుటి ముడిపడింది. పాట వెనకాల ఇంకో సన్నని మోత! స్పీకర్‌కు చెవి ఆనించాడు. అందులో లేదు. ఇన్వర్టర్ దగ్గరికి పరుగెత్తాడు. అక్కడా లేదు. మోత వెంబడే పోతే వంటిల్లు వచ్చింది. ప్రమీలమ్మ రోట్లో పచ్చడి నూరుతూ అదే పాట పాడుతోంది. గొంతు కాస్త బరువెక్కింది, అంతే.

"నువ్వా? పాటకు అడ్డమొస్తాండావ్ మే!"

ఆమె తలెత్తలేదు. "అన్నీ ఆపితివి గదా, నా స్విచ్ యాడుందో ఎతుక్కోపో."

మహానందయ్య హాల్లోకి వెళ్లి ఆంప్లిఫయర్ కట్టేసి వచ్చి, గడప మీద కూలబడ్డాడు. ఆయన వెనకే వచ్చిన ప్రభాకర్ అడిగాడు:

"ఇంకా పాడతాండావా మ్మా?"

"దినామూ పాడతా న్నా," అంది ప్రమీలమ్మ. "ఈయప్ప అది కరెంటు గలాటా అనుకొని వైర్లు మార్పిస్తాండాడు."