ఇరవయ్యో నిమిషం

ఆదివారం పొద్దున్నే కండక్టరుగారు భోజనాల బల్ల నిండా చీటీలు పేర్చుకుని కూర్చున్నారు. మొత్తం మూడు వందలు. అన్నీ స్వహస్తాలతో రాసినవే. "ఇరవయ్యో నిమిషంలో నేను లేస్తాను. నేను లేవగానే మీరూ లేవండి. ఎవరితోనూ మాట్లాడకండి. పరుగెత్తకండి. ఎవరు కూర్చోమన్నా కూర్చోకండి." ఇరవై ఆరేళ్లుగా బస్సులో జనాన్ని ఎక్కించి దించుతున్న మనిషికి మూడు వందల మందిని స్టేడియం మెట్లు దించడం ఏపాటి పని?

సంగతేమిటంటే, ఆయన ప్రాణంలా చూసుకునే ఫుట్‌బాల్ జట్టు ఎర్ర క్లబ్బును కిందటేడు ఒక సిమెంటు వ్యాపారి కొన్నాడు. అంతకుముందు ఆ పెద్దమనిషి కట్టించిన బడిలో రెండు గదులు కూలిపోయాయి. సెలవు రోజు కాబట్టి సరిపోయింది. లేకపోతే మూడో బెంచీలో కండక్టరుగారి కూతురు ఉండేది. విచారణ జరిపి, తప్పంతా వానదేనని తేల్చారు. వాన ఎదురు మాట్లాడలేదు. వ్యాపారి దర్జాగా క్లబ్బు కొని, స్టేడియానికి కొత్త పైకప్పు వేయించి, గోల్స్ కొట్టేవాణ్ణి ఒకణ్ణి పట్టుకొచ్చి, జట్టును పట్టికలో పైకి ఎక్కించాడు. ఊరంతా జేజేలు కొట్టింది. కండక్టరుగారికి మాత్రం సొంత జట్టు గెలిచినప్పుడల్లా కడుపు మండేది.

ఆ రోజు నీలం క్లబ్బుతో ఆట. టీవీలన్నీ అక్కడే ఉంటాయి. అందరూ చూస్తుండగా నిశ్శబ్దంగా లేచి బయటికొచ్చి, బడి గదుల సంగతి మళ్లీ నలుగురి నోళ్లలో పడేలా చేయాలని ఆయన పట్టుదల. తోటి అభిమానులు ఊరికే ఒప్పుకోలేదు. సగం ఆట అయ్యాక లేద్దామని కొందరు, మొత్తం ఆట అయ్యాక లేద్దామని మరికొందరు బేరాలాడారు. వారం రోజులు బతిమాలితే ఇరవయ్యో నిమిషం దగ్గర తెగింది.

"ఏవండీ, నీలం వాళ్లను ఓడించి తొమ్మిదేళ్లయింది. ఇవాళ గెలిచేలా ఉన్నాం. ఇవాళే లేచి రావాలా?" అంది భార్య.

"ఇవాళే. ఎవరూ చూడని రోజు లేచొస్తే ఏం లాభం? నువ్వూ రా."

"ఇరవై నిమిషాల కోసం తయారై రావాలా? నా టికెట్టు మీద అమ్మను పంపిస్తాలెండి. మీరు ఎవరితోనూ గొడవ పడకుండా చూస్తుంది."

ఇంతలో బావమరిది మెడలో నీలం కండువాతో దిగబడ్డాడు. "బావా, ట్రోఫీ వస్తే తడిగుడ్డతో తుడవకండి. మీ ఓనరు సరుకు, కరిగిపోతుంది. మా ఓనరును చూడండి, బిస్కెట్లు చేసుకునే మర్యాదస్తుడు."

"అందుకే మీవాళ్లు అంత మెత్తగా ఆడతారు," అని కండక్టరుగారు చీటీలు సంచిలో వేసుకుని బయల్దేరారు.

ఆట మొదలైంది. ఓనరు పైన అద్దాల గదిలో కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు. కింద మూడు వందల మంది మూడు వందల చీటీలు జేబుల్లో పెట్టుకుని, ఒక కన్ను బంతి మీద, ఒక కన్ను కండక్టరుగారి మీద వేసి ఉంచారు. అంతా అనుకున్నట్టే సాగింది. ఆరు నిమిషాల పాటు.

ఆరో నిమిషంలో అత్తగారు వచ్చారు. బస్సు ఆలస్యమైంది. ఆవిడ సీటులో ఎవరో లావుపాటి మనిషి సర్దుకుని కూర్చున్నాడు. ఆవిడ కండక్టరుగారి పక్కనే, రెయిలింగు పట్టుకుని, రొప్పుతూ నిలబడ్డారు. పెద్దావిడ నిలబడి ఉంటే కూర్చుని ఉండడం ఆయన ఒంట్లో లేదు. "అమ్మా, ఇలా కూర్చోండి," అంటూ చటుక్కున లేచారు.

మూడు వందల మందీ లేచారు.

"హోల్డాన్! హోల్డాన్! ఇప్పుడు కాదు! కూర్చోండి!" అని ఆయన గొంతు చించుకున్నారు.

"కూర్చున్నాను కదా అల్లుడూ, ఎందుకలా అరుస్తావు?" అన్నారు అత్తగారు.

మిగతావాళ్లెవరూ కూర్చోలేదు. ఎవరు కూర్చోమన్నా కూర్చోవద్దని రాసిచ్చిన మనిషి ఆయనే. పెదవి విప్పకుండా, పరుగెత్తకుండా, బడిపిల్లల్లా వరసగా మెట్ల వైపు నడిచారు. ఇంత క్రమశిక్షణ ఆయన బస్సులో ఒక్కనాడూ చూడలేదు. ఏడుపొచ్చింది.

పక్క స్టాండు వాళ్లు "ఏమైంది? ఎక్కడికి?" అని అడిగారు. జవాబు లేదు. వరసలో ఒకాయనకు అనుమానమొచ్చి, అప్పుడే ఇరవై అయ్యాయా అని పైకప్పు అంచున వేలాడే గడియారం వైపు తలెత్తాడు. అతన్ని చూసి వెనకవాళ్లు తలెత్తారు. వాళ్లను చూసి పక్క స్టాండంతా తలెత్తింది. మూడు వందల మంది మాట్లాడకుండా పైకి చూస్తూ బయటికి పోతున్నారంటే ఏమనుకోవాలి? పక్క స్టాండు కూడా లేచింది.

అద్దాల గదిలో ఓనరు ఇదంతా చూశాడు. మేనేజరు "కనుక్కుని వస్తాను సార్," అంటూనే ఉన్నాడు, ఓనరు ఆగలేదు. ఒకసారి పైకి చూసి, విప్పి పక్కన పెట్టుకున్న బూట్లు కూడా వదిలేసి, మేజోళ్లతో మెట్లు దూకి, కంచె దాటి, మైదానం నడిమధ్యకు పరుగెత్తాడు. తలమీద ఆకాశం తప్ప మరేమీ లేని చోటు అదొక్కటే మరి. ఆటగాళ్లు బంతిని వదిలేసి ఆయన్ని చూస్తున్నారు. టీవీవాడు మైకు పట్టుకుని పక్కకు చేరాడు.

"ఆ కప్పు కింద ఎవరూ ఉండకండి!" అన్నాడు ఓనరు ఆయాసపడుతూ. "అందులో సగం ఇసుకే! ఇన్నాళ్లు ఆగడమే గొప్ప!"

ఆ మాట స్టేడియమంతా వినిపించింది. ఊరంతా వినిపించింది.

తీరా చూస్తే పైకప్పుకు ఏమీ కాలేదు. మర్నాడు ఇంజనీర్లు వచ్చి గొడుగు కొసతో పొడిస్తే మాత్రం పిండిలా రాలింది. బడి గదుల విచారణ మళ్లీ తెరిచారు. ఈసారి వానను పిలవలేదు. వారం తిరక్కుండా ఓనరు క్లబ్బు వదిలి వెళ్లిపోయాడు. ఆట ఆగింది సొంత మైదానం లోపం వల్ల కాబట్టి పాయింట్లన్నీ నీలం క్లబ్బుకే రాశారు. ఎర్ర క్లబ్బుకు ట్రోఫీ తప్పిపోయింది.

బావమరిది మొహం వెలిగిపోతూ వచ్చాడు.

"ఆడకుండా వచ్చిన పాయింట్లు తీసుకోడానికి సిగ్గులేదట్రా?" అన్నారు కండక్టరుగారు.

"ఓనరు తీసుకున్నాడు బావా. మేం ఉత్త అభిమానులం."

ఆ రాత్రి కండక్టరుగారికి అన్నం సయించలేదు. తొమ్మిదేళ్ల ఎదురుచూపు పోయిందని నిజంగానే ఏడ్చారు. "పోనీ, ఇరవయ్యో నిమిషం దాకా ఆగి ఉంటే?" అంది భార్య.

"అప్పుడు మేం మర్యాదగా బయటికొచ్చేవాళ్లం. ఆయన మర్యాదగా లోపలే కూర్చునేవాడు," అని కళ్లు తుడుచుకుని, పక్క గదిలో నిద్రపోతున్న కూతురికి దుప్పటి కప్పి వచ్చారు.

రిఫరీ రాసిచ్చిన నివేదికలో మాత్రం ఆ రోజు తప్పు ఒకటే నమోదైంది: ఏడో నిమిషం, ఎర్ర క్లబ్బు ఓనరు, బూట్లు లేకుండా మైదానంలో ప్రవేశించినందుకు పసుపు కార్డు.