‘కొత్త నీళ్ళు’ అని టైపు చేస్తే

పని మొదలుపెట్టడమే కష్టం అనేవాళ్ళను చూస్తే నాకు జాలి. మా ఇంట్లో ఆ కష్టం తీరిపోయింది. రెండు మాటలు టైపు చేసి మీట నొక్కితే చాలు, ఎంతటి పనైనా మొదలైపోతుంది!

ఈ ఘనత నాదే. వంటా వార్పూ ముగించుకుని ఆరు నెలలు కంప్యూటరు క్లాసుకు వెళ్ళాను. ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి, వచ్చినవాళ్ళకు తప్పకుండా కనబడేచోట తగిలించాను. మా పెరంబూరు ఫ్లాట్స్‌వాళ్ళకు అది బాగానే కనబడింది.

మాకు రోజు విడిచి రోజు నీళ్ళ లారీ వస్తుంది. పదహారు ఇళ్ళు. ముందు వచ్చిన బిందెకు ముందు. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే చూడామణత్త మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగేసరికి లారీ వీధి దాటిపోతుంది. ఎవరైనా జాలిపడి చెంబెడు పోస్తే పోసినట్టు. వంతులు తేల్చి జాబితా అచ్చువేసే ప్రోగ్రాము రాసిపెడతానని మీటింగులో నేనే మాటిచ్చాను. అది వచ్చేదాకా పాత పద్ధతే అని అందరూ ఒప్పుకున్నారు.

వెంటనే రాయడానికి కూర్చోవడమేనా? పొయ్యి వెలిగించే ముందు గట్టు తుడుచుకోమా? ప్రోగ్రాముకు ఒక చోటు కావాలి. పాత కాపీలకు ఒకటి, పరీక్షలకు ఒకటి, నోట్సుకు ఒకటి, ఇలా పన్నెండు డైరెక్టరీలు, అంటే కంప్యూటరులో అరలు. ఒక్కొక్కటీ చేత్తో తయారుచేస్తే అయిదు నిమిషాలు దండగ. నా సమయానికి విలువ లేదా? అందుకని ఆ పన్నెండూ ఒకేసారి తయారయ్యేలా వారం రోజులు కూర్చుని ఒక కమాండు రాశాను. పేరు ‘కొత్త’. ‘కొత్త నీళ్ళు’ అని కొట్టగానే రెప్పపాటులో నీళ్ళ ప్రోగ్రాముకు పన్నెండు గదుల ఇల్లు!

రెండో వారం దాన్ని మెరుగుపరిచాను. ఇప్పుడది రాసినవారి పేరు అడిగి, తేదీ వేసి, అభినందిస్తుంది కూడా. మూడో వారం నుంచి ఏ రోజు కాపీ ఆ రోజు విడిగా దాస్తోంది. ఏమీ లేనివాటికి కాపీలెందుకని అడగకండి. పోతే మళ్ళీ ఎవరు తయారుచేస్తారు? సరే, ఒక్క కమాండుతో వచ్చేస్తాయి, అది వేరే మాట. జాగ్రత్త జాగ్రత్తే! ఇల్లు తగలబడినా నష్టం లేకుండా మావారు జయరామ్ ప్రతి సోమవారం ఒక ఫ్లాపీ చూలైలోని తమ ఆఫీసుకు తీసుకెళ్ళి బీరువాలో పెట్టి వస్తున్నారు. అందులో ఏముందని ఒకసారి అడిగారు. పని సగంలో ఉండగా అలా అడగకూడదని నచ్చజెప్పాను.

మొన్న లారీ వెళ్ళాక చూడామణత్త చంకలో బిందెతో మా గుమ్మంలో నిలబడి, జాబితా వచ్చిందా అని అడిగింది. లోపలికి పిలిచి, కుర్చీ వేసి, తెరమీద పన్నెండు డైరెక్టరీలూ వరసగా చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని పైనుంచి కిందిదాకా ఓపికగా చూసింది.

“దీంట్లో నా పేరు ఏడుండాది మే?”

“పేర్లు ఇంకా ఎక్కించలేదత్తా. చోటు మటుకు సిద్ధంగా ఉంది.”

“నా బిందెలోనూ చోటు సిద్ధంగానే ఉండాది మే” అని, దాన్ని చంకలో సర్దుకుని మెట్లెక్కింది.

కంప్యూటరు కట్టేశాను. పాల జాబితా వెనకవైపు పెన్నుతో పదహారు పేర్లూ, వాళ్ళ వంతులూ రాశాను, మూడో అంతస్తుతో మొదలుపెట్టి. కిందికి తీసుకెళ్ళి మోటారు గది తలుపుకు అంటించి వచ్చాను. కమాండు మీద నాకు ఫిర్యాదేమీ లేదు. నేను చెప్పినదల్లా అది చేసింది.

పేర్లు రాయడానికి నాకు పట్టింది ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల కోసం చూడామణత్త మూడు వారాలు వట్టి బిందెతో మెట్లెక్కింది.