నన్ను తనిఖీ చేయండి సార్!

పళ్ళ మేస్త్రీ ఆ ఉదయం గట్టి నిర్ణయం తీసుకున్నాడు. ఆరు నూరైనా సరే, ఇవాళ పోలీసుల్ని చూసి పక్క సందులోకి తిరగకూడదు.

కట్టుడు పళ్ళు తయారుచేయడం ఆయన వృత్తి. ఆయనకు లైసెన్సు ఉంది, బండికి బీమా ఉంది, తలకు సరిపోయే హెల్మెట్ కూడా ఉంది. లేనిదల్లా ధైర్యమే. చాలా ఏళ్ళ కిందట ఒక కూడలిలో పోలీసులు ఆయన్ని ఆపి, బండి తాళం లాక్కుని, సాయంత్రం దాకా ఎండలో నిలబెట్టారు. ఆ తర్వాత తాళం విసిరేసి "ఇక పో" అన్నారు. ఎందుకు ఆపారో ఈనాటికీ తెలియదు. తప్పు చేసి దొరికినవాడు మళ్ళీ ఆ తప్పు చేయకుండా జాగ్రత్త పడతాడు. ఏ తప్పూ తెలియని ఈయన దేని విషయంలో జాగ్రత్త పడాలి? అందుకని అన్ని విషయాల్లోనూ భయపడటం మొదలుపెట్టాడు. యూనిఫాం కనిపిస్తే చాలు, బండి దానంతటదే పక్కకు తిరిగేది.

ఇవాళ చుట్టుదారులకు తీరిక లేదు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ అయిన ఆయన పెద్దమ్మ పది గంటలకు టౌన్‌హాల్లో మాట్లాడాలి. రోడ్ల మీద తనిఖీల గురించి జనం బాధలేమిటో స్వయంగా వింటానని, నిజంగా ఇబ్బంది ఉందని తేలితే పద్ధతులు మారుస్తానని కొత్తగా వచ్చిన పోలీసు పెద్దాఫీసరు ప్రకటించాడు. వీధి వీధంతా బాధలు పడ్డవాళ్ళే. కానీ పిల్లి మెడలో గంట కట్టేదెవరు? "మీరు మాట్లాడండి, మీ వెనక మేముంటాం" అని అందరూ కలిసి పెద్దమ్మను ముందుకు తోశారు. ఆవిడ సరేనంది. తీరా నిన్న ఆవిడ పళ్ళ సెట్టు రెండు ముక్కలైంది. అది లేకపోతే ఆవిడ నోట్లోంచి గాలి తప్ప మాట రాదు. మేస్త్రీ మిగతా పనులన్నీ పక్కన పెట్టి, కొత్త సెట్టు చేసి, మెరుగుపెట్టి, తడి దూదిలో చుట్టి డబ్బాలో పెట్టాడు.

"ఏమండీ, మీరు ఊరంతా చుట్టి వెళ్ళేసరికి అక్కడ సభ కాస్తా అయిపోతుంది," అంది భార్య గుమ్మంలో నిలబడి. "తిన్నగా వెళ్ళండి. ఆపితే ఆగండి. పారిపోతున్నట్టు మాత్రం కనపడకండి."

"చచ్చినా కనపడను," అన్నాడు మేస్త్రీ.

కూడలిలో ఇనుప బారికేడ్లు పెట్టి ఉన్నాయి. కానిస్టేబుల్ ఈయన వైపు చూసి, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు. మేస్త్రీ బండి ఆపాడు. దిగి, స్టాండు వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎందుకు ఆగావు? వెళ్ళు."

"పారిపోవడం లేదు సార్."

"పారిపొమ్మని ఎవరన్నారయ్యా? వెళ్ళమంటున్నా."

"మీరు కాగితాలు చూడకుండా పంపిస్తే, ముందు కూడలిలో మీవాళ్ళు నన్ను తప్పించుకొచ్చాడంటారు. తనిఖీ చేయండి సార్."

"నాకొద్దు నీ కాగితాలు!"

"నేను తాగలేదు సార్. ఎవర్నీ గుద్దలేదు కూడా."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఈయన భుజాలు తడుముకున్నట్టు అనిపించింది కానిస్టేబుల్‌కి. పైగా ఇక్కడ గుమ్మడికాయల మాటే ఎవరూ ఎత్తలేదు. వెనక బండ్లు హారన్లు మోగిస్తున్నా లెక్కచేయకుండా దగ్గరికొచ్చి, "ఆ డబ్బా తెరువు," అన్నాడు. తెరిస్తే దూదిలోంచి రెండు వరసల పళ్ళు నవ్వుతూ కనిపించాయి.

"ఎవరివివి?"

"మా పెద్దమ్మవి సార్."

"ఆవిడవైతే నీ దగ్గరెందుకున్నాయి?"

"పాతవి నేనే తీసేసుకున్నాను సార్. ఇవి కొత్తవి. ఇంకా ఆవిడ చూడను కూడా లేదు."

"చూడనే లేదా? మరి ఆవిడవెలా అయ్యాయి?"

"ఆవిడ నోటికి తప్ప ఇంకెవరికీ పట్టవు సార్. కావాలంటే మీరు పెట్టుకుని చూడండి."

కానిస్టేబుల్ విజిల్ వేశాడు. జీపులోంచి సబ్ ఇన్‌స్పెక్టరు దిగి వచ్చాడు. "ముసలావిడ కట్టుడు పళ్ళు ఎత్తుకొచ్చాడు సార్. పైగా నన్ను పెట్టుకోమంటున్నాడు!" అని కానిస్టేబుల్ చెప్పగానే, ఆయన బండి తాళం లాగి గుప్పిట్లో పెట్టుకున్నాడు, డబ్బా చంకలో పెట్టుకున్నాడు.

తాళం ఆ గుప్పిట్లోకి పోవడం చూసి మేస్త్రీ కాళ్ళు వణికాయి. ఎప్పటి ఎండో మళ్ళీ నెత్తిమీదికి వచ్చినట్టయింది. కానీ హాల్లో నోరు మూసుకుని కూర్చుని, గుమ్మం వైపే చూస్తున్న పెద్దమ్మ కళ్ళముందు కదిలింది. పోనీలే, వణికేది కాళ్ళే కదా, నోరు బాగానే ఉంది అనుకున్నాడు.

"తాళం మీరే ఉంచుకోండి సార్. నడిచైనా వెళ్తాను. డబ్బా మాత్రం ఇచ్చేయండి. పది గంటలకు ఆవిడ మీ పెద్దాఫీసరు ముందు మాట్లాడాలి."

"దేని గురించి?"

"మీ గురించే సార్."

సబ్ ఇన్‌స్పెక్టరు మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. "ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ! ఎక్కండి, జీపెక్కండి," అన్నాడు. మేస్త్రీకి ఆయన మర్యాద చూస్తే ఇంకా భయం వేసింది. సైరన్ మోగింది. జీపు దూసుకుపోయింది.

హాల్లో వీధివాళ్ళంతా మాట నిలబెట్టుకుని పెద్దమ్మ వెనక వరసల్లో కూర్చున్నారు. సైరన్ వినపడగానే తలలు తిరిగాయి. అటొక పోలీసు, ఇటొక పోలీసు, మధ్యలో మేస్త్రీ గుమ్మంలో కనిపించేసరికి, "సాక్షుల్ని పట్టుకుపోతున్నారర్రా!" అని ఎవరో అరిచారు. వెనక తలుపు ఇరుకుదే గాని, భయం ముందు ఇరుకెంత? చూస్తుండగానే హాలు ఖాళీ అయింది. కొన్ని కుర్చీలు బోర్లా పడ్డాయి. అందరికంటే గట్టిగా మాటిచ్చిన పెద్దమనిషి చెప్పులు అక్కడే ఉండిపోయాయి.

పెద్దాఫీసరు నలుమూలలా చూసి, "ఫిర్యాదులేవీ ఉన్నట్టు లేవు. ఇక సభ ముగిద్దామా?" అన్నాడు.

పెద్దమ్మ చెయ్యి చాచి డబ్బా అందుకుంది. పక్కకు తిరిగి సెట్టు పెట్టుకుని, రెండుసార్లు కొరికి చూసుకుంది.

"ముగించడమేంటి బాబూ, ఇప్పుడేగా మొదలైంది! ఇందాక ఈ కుర్చీల్లో జనం ఉన్నారా, లేదా?"

"ఉన్నారు."

"వాళ్ళలో దొంగలెవరూ లేరు. సగం మందికి నేనే చదువు చెప్పాను. మీ జీపు చూసి ఎందుకు పరిగెత్తారు? నేను చెప్పాలనుకున్నది వాళ్ళే నాకంటే బాగా చెప్పి వెళ్ళారు. మిగతాది మావాడు చెప్తాడు." ఆవిడ మేస్త్రీని ముందుకు తోసింది. ఈ వీధిలో తోయడం అందరికీ వచ్చు.

మేస్త్రీ మైకు పట్టుకున్నాడు.

"ఆపొద్దనడం లేదు సార్. ఆపండి. ఎందుకాపారో చెప్పండి, చాలు. తాళం లాక్కోకండి. ఆ రోజు నా తప్పేంటో చెప్పుంటే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి. చెప్పలేదు కాబట్టి ఇన్నేళ్ళూ భయపడుతూనే ఉన్నాను. ఇప్పుడు కూడా భయంగానే ఉంది. అయినా చెప్పే కూర్చుంటాను."

సబ్ ఇన్‌స్పెక్టరు తల ఎత్తకుండా వచ్చి, తాళం ఆయన చేతిలో పెట్టాడు.

పెద్దాఫీసరు దిగి వచ్చి బోర్లాపడ్డ కుర్చీ ఒకటి ఎత్తి నిలబెట్టాడు. "ఇవాళ్టి నుంచి బండి ఆపినవాడు ముందు తన పేరు చెప్పాలి, ఆపిన కారణం చెప్పాలి. తాళం ముట్టుకోవడానికి వీల్లేదు," అన్నాడు. తర్వాత సబ్ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, "మిగతావాళ్ళ మాట కూడా వినాలి. వెళ్ళినవాళ్ళందర్నీ మర్యాదగా వెనక్కి పిలుచుకు రండి," అన్నాడు.

సబ్ ఇన్‌స్పెక్టరు సెల్యూట్ చేసి, జీపెక్కి, సైరన్ వేసుకుని వాళ్ళ వెంట బయలుదేరాడు.