బేకరీ బావగారి కోటు

తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేయడం, పొద్దెక్కేలోగా రొట్టెలు దించడం, మధ్యాహ్నం భోంచేసి కమ్మగా ఒక కునుకు తీయడం బేకరీ ఆయన దినచర్య. మొదటి రెండూ పొట్టకూటి కోసం, మూడోది మాత్రం అచ్చంగా తనకోసం. సరిగ్గా దాని మీదే బామ్మర్ది కన్ను పడింది.

"అక్కా, బావ పొట్ట పెరిగేది రొట్టెలతో కాదు, ఆ నిద్రతో!" అన్నాడు జిమ్‌లో జనానికి చెమటలు పట్టించే ఆ బామ్మర్ది. "బావా, ఆదివారం పొద్దున్నే కాలువ వంతెన దాకా పరుగు పందెం. నేను గెలిస్తే నీ మధ్యాహ్నం నిద్ర బంద్, బదులు నడక. నువ్వు గెలిస్తే నెల్లాళ్లు నేనొచ్చి పొయ్యి రాజేస్తా."

"ఆయన ఒప్పుకున్నారు," అంది భార్య, ఆయన నోరు తెరవకముందే.

మర్నాటి నుంచే బేకరీ ఆయన పనిలో వేసుకునే పాత కోటుతోనే, వంతెనకెళ్లే పొలాల బాటలో పరుగు సాధన మొదలుపెట్టాడు. మలుపు తిరగ్గానే ఒక తెల్ల బాతు మెడ చాచి వెంటపడింది. రెండో రోజు దానికి మేక తోడైంది. మూడో రోజు గాడిద కూడా కలిసింది. ఆయన ఆగితే అవీ ఆగాయి, పరుగెత్తితే అవీ పరుగెత్తాయి. ఊరేగింపుగా ఇల్లు చేరిన మొగుణ్ణి చూసి భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమండీ, పరుగుకెళ్లారా, సంతకెళ్లారా?"

"మూగజీవాలే! మంచి మనసును ఇట్టే కనిపెడతాయి," అన్నాడాయన గర్వంగా.

ఆ గర్వం శనివారం దాకా నిలిచింది. బూటు తాడు కట్టుకోవడానికి వంగితే మేక వచ్చి తల మొత్తం కోటు జేబులో దూర్చింది, నోటి నిండా ముక్కలతో బయటికొచ్చింది. విరిగిన బిస్కెట్లను అమ్మలేడు, పారేయడానికి చేతులు రావు, అందుకని జేబులో వేసుకునే అలవాటు ఆయనది. మంచి మనసు కాదు, మంచి బిస్కెట్లన్నమాట! కాసేపు మనసు చివుక్కుమంది. అంతలోనే ఒక ఆలోచన వచ్చి మొహం చాటంతయింది.

ఆదివారం చలిగా ఉంది. బేకరీ ఆయన రెండు జేబులూ బిస్కెట్లతో కూరి, కోటు తీసుకెళ్లి బామ్మర్ది భుజాల మీద కప్పాడు.

"వేసుకోరా, జలుబు చేస్తుంది. జేబుల్లో బిస్కెట్లు కూడా ఉన్నాయి, దారిలో తిను."

"బావా, నిన్నెంత అపార్థం చేసుకున్నాను!" బామ్మర్ది కళ్లు చెమర్చాయి. "అయినా పందెం పందెమే."

"అంతే కదా మరి," అన్నాడు బావ, ఆ మధ్యాహ్నం తీయబోయే కునుకును తలుచుకుంటూ.

మలుపు దగ్గర అనుకున్నట్టే బాతు వచ్చింది, మేక వచ్చింది, గాడిద వచ్చింది. మూడూ కలిసి బామ్మర్దిని చుట్టుముట్టి ఆపేస్తాయని బావగారి లెక్క. బాతు రెక్కలు విప్పి ఒక్క అరుపు అరిచింది. బామ్మర్ది అంతకంటే గట్టిగా అరిచి, కోటు విసిరేసి, వెనక్కి చూడకుండా పరుగు లంకించుకున్నాడు.

కోటును మేక అందుకుంది. "ఒసేయ్, వదలవే!" అంటూ బావగారు కోటు చేయి ఒకటి పట్టుకుంటే గాడిద రెండో చేయి పట్టుకుంది. ఆయన చేతులకు అంటిన బిస్కెట్ వాసన బాతుకు నచ్చింది. ఎలాగో విడిపించుకుని, బాతు వెంటరాగా రొప్పుతూ వంతెన చేరేసరికి బామ్మర్ది గట్టు మీద కూర్చుని అక్క ఇచ్చిన నీళ్లు తాగుతున్నాడు.

"మావాడు గాలిలా వచ్చాడండీ!" అంది భార్య మురిసిపోతూ. "చిన్నప్పుడు కోడిపుంజు తరిమితే ఇలాగే పక్కూరిదాకా పోయాడు. రెక్కలున్నవంటే వీడికి హడల్. మీకెప్పుడూ చెప్పలేదా?"

"లేదు," అన్నాడు బేకరీ ఆయన నీరసంగా. తను తీసిన గోతిలో తానే పడ్డానని ఎవరితో చెప్పుకుంటాడు?

ఆ మధ్యాహ్నం, ఊరంతా కునుకు తీసే వేళ, ఆయన నడకకు బయల్దేరాడు. కోటు పోయింది, నిద్ర పోయింది, బాతు మాత్రం పోలేదు.