‘మినిట్’ వాడుక విధానం

మా ఊరి ధ్రువపత్రాల కార్యాలయంలో ‘రేపు రండి’ అనే మాట శాశ్వతంగా రద్దయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇకపై సిబ్బంది జనంతో ‘వన్ మినిట్’ అని మాత్రమే అనాలి. అనేటప్పుడు చూపుడువేలు పైకెత్తాలి. తల ఎత్తనక్కర్లేదు.

ఈ సంస్కరణ ఊరికే రాలేదు. నలుగురు అధికారులు పదకొండు నెలలు కూర్చుని ఆ ఇంగ్లీషు మాటకు అర్థం తేల్చారు. మినిట్ అనగా, ఉద్యోగి పలికినప్పుడు మొదలై ఉద్యోగికి తోచినప్పుడు ముగిసే కాలం. మన ‘నిమిషం’ ఎందుకు పనికిరాదని వారిలో ఒకాయన అడిగాడట. నిమిషమంటే జనం గడియారం చూసుకుంటారని మిగతా ముగ్గురూ నచ్చజెప్పారు.

ప్రారంభోత్సవంలో పెద్దసారు గొంతు సవరించుకుని, “ఇన్నేళ్లూ జనాన్ని తిప్పి పంపాం. ఎంత అవమానమండీ వాళ్లకి. ఈరోజు నుంచి ఎవర్నీ పంపేది లేదు. ఎంతసేపైనా ఇక్కడే ఉంచుకుంటాం” అన్నారు. నిజమే మరి. ‘రేపు’ అంటే మనిషి ఇంటికెళ్లి ఇంత తిని పడుకునేవాడు. ‘మినిట్’ అంటే కుర్చీలోంచి కదలడానికి లేదు. అందరం చప్పట్లు కొట్టాం.

సోమవారం పొద్దున పదింటికి ఒక టైలరమ్మ వచ్చింది. ఆమె కూతురికి నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. సాయంత్రం నాలుగులోగా నివాస ధ్రువపత్రం ఇవ్వకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. పత్రం తయారై గుమాస్తా మోచేతి కిందే ఉంది. ముద్ర పడాలంతే. ఆమె టోకెను ఇరవై మూడు, నాది ఇరవై నాలుగు.

“బాబూ, ఆ ముద్రొక్కటి వేసిచ్చేయండి. పిల్ల కాలేజీ గేటు దగ్గరే నిలబడుంది.”

గుమాస్తా వేలెత్తాడు. “వన్ మినిట్ అమ్మా.”

ఆ మినిట్లో గుమాస్తా టీ తాగాడు, బావమరిదితో ఫోనులో ప్రహరీగోడ తగాదా తేల్చాడు, భోంచేసి వచ్చి తీరిగ్గా పళ్లు కుట్టుకున్నాడు. ఆమె మాత్రం మంచినీళ్లు కూడా ముట్టలేదు, తాగితే లేవాల్సొస్తుందని. మూడు దాటాక ఇక ఉగ్గబట్టుకోలేక, “బాబూ, ఒక్క మినిట్లో వచ్చేస్తా” అని వరండా చివరికి పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి టోకెను రద్దయింది. ఏడో నిబంధన ప్రకారం, జనం పలికే మినిట్‌కు అరవై సెకన్లే. ఆమెకు తొంభై నాలుగు పట్టాయి. “రూలు నేను రాశానా అమ్మా? మళ్లీ టోకెను తీసుకోండి” అన్నాడు గుమాస్తా, ఎంతో మర్యాదగా. కొత్త టోకెను నూట పది.

ఆమె మా వరుస వైపు తిరిగింది. “అన్నా, పొద్దుట్నుంచి చూస్తున్నారుగా. మీరైనా ఒక్క మాట చెప్పండి.”

నేను నోరు తెరవబోయాను. సరిగ్గా అప్పుడే గుమాస్తా “ఇరవై నాలుగు” అని పిలిచాడు. నేను చొక్కా సర్దుకుని వెళ్లాను.

నాలుగూ పదికి పత్రం చేతబట్టుకుని బయటికొచ్చి, ఆవిడ కోసం వరండా అంతా వెతికాను. కనబడలేదు. ఉండి ఉంటే, ఈ వ్యవస్థను ఆవిడ ఎదుటే గట్టిగా ఖండించి ఉండేవాణ్ణి.