రత్న కోసం తీసిన పసరు

తెల్లారగానే పెళ్ళాం రత్నని సంత ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళాలని సోంబరు అనుకున్నాడు. ఆమె రొమ్ములో నొప్పి లేని గడ్డ ఒకటి తగులుతోంది. సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరో కాదో తెలుస్తుందని అక్కడి డాక్టరమ్మ హేమలత చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి సోంబరుకి అన్నం సయించడం లేదు.

జీపు కోసం బయల్దేరుతుంటే రత్న తమ్ముడు పోలయ్య గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. చేతిలో ఏదో ఆకుల మూట ఉంది.

"సూదేటి బావా! నీకు మతుందా? గడ్డని కెలికితే ఇసం ఒళ్ళంతా పాకిపోద్ది. సెల్లులో సూసినాను. ఈ పసరు తాగితే కరిగిపోద్దంట."

సోంబరుకి ఉన్న ధైర్యమే అంతంత మాత్రం. అదీ జారిపోయింది. ప్రయాణం మానేసి, ఆకు నూరి, పసరు గిన్నెతో పెళ్ళాం ముందు కూర్చున్నాడు.

రత్న వాసన చూసి ముఖం తిప్పుకుంది. "నానెరగని ఆకు నాను తాగను. అంత మంచిదైతే నువ్వే తాగు."

ఆమెకు నమ్మకం కలగాలని సోంబరు గిన్నె ఎత్తి గటగటా తాగేశాడు. పనికి బయల్దేరి కాఫీ తోట దాకా వెళ్ళనే లేదు, వాంతులు పట్టుకున్నాయి. ఇంటికి తిరిగొచ్చేసరికే కళ్ళు లోతుకు పోయాయి.

వాకిట్లో జనం చేరారు. "పెళ్ళాం రోగం మొగుడికి అంటుకుందర్రా!" అంది ఒక ముసలామె. మోయడానికి వచ్చినవాళ్ళు అక్కడే ఆగిపోయారు. పోలయ్య కూడా ముక్కుకి తువ్వాలు చుట్టుకున్నాడు. రత్న ఒక్కతే మొగుడిని భుజానికి ఆనించుకుని రోడ్డు మీదికి దింపింది. ఈ మాట జీపుకి ముందే చేరినట్టుంది, ఎక్కి కూర్చున్నవాళ్ళంతా దిగిపోయారు. ఏనాడూ వేలాడుతూ తప్ప జీపెక్కని సోంబరు ఆ రోజు సీటు పొడుగునా పడుకుని వెళ్ళాడు.

డాక్టర్ హేమలత సెలైను పెట్టించి జరిగిందంతా విన్నది. "క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. పరీక్ష సూదితో ఒళ్ళంతా పాకిపోతుందన్నదీ అపోహే. అలా పరీక్ష చేయించుకున్నవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించాకే ఈ మాట చెబుతున్నాం."

"మరి పసరో?" అన్నాడు సోంబరు, నీరసంగా.

"గడ్డని కరిగిస్తుందనడానికి రుజువు లేదు. మనిషిని పడగొడుతుందనడానికి మాత్రం మీరున్నారు."

రత్న ఆలోచించలేదు. "ఆ సూదేదో బేగి ఏసీండమ్మా. ఈయన్ని మళ్ళీ మోసుకురాలేను."

కొన్నాళ్ళకి పరీక్ష ఫలితం వచ్చింది. క్యాన్సరే.

"చిన్నగా ఉండగానే తెలిసింది. ఆపరేషన్ చేసి, మందులు వాడితే ఈ దశలో చాలామంది కోలుకుంటారు," అంది హేమలత. "పసరును నమ్ముకుని కూర్చుని ఉంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు."

వాళ్ళతో వచ్చి బయట బెంచీ మీద కూర్చున్న పోలయ్య తలెత్తలేదు. రత్న వెళ్ళి వాడి పక్కన కూర్చుంది. "నా మీద పేమతోనే తెచ్చినావురా. మరింకెవులికీ తేకు," అంది.

విశాఖపట్నంలో ఆపరేషన్ జరిగింది. థియేటర్ తలుపు మూసుకోగానే బయట సోంబరు కళ్ళు తిరిగి పడిపోయాడు. మత్తు దిగి కళ్ళు తెరిచిన రత్నకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. "మా ఆయన్ని ఏ మంచం మీద ఏసినారమ్మా?" అని నర్సుని ఆమే అడిగింది.