ఆరు వోల్టుల పెళ్లికొడుకు

ఆ శనివారం ఉదయం శ్రీపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. తన పాత కారు బ్యాటరీ ఛార్జ్ చెయ్యాలి, పెళ్లికొడుకు జశ్వంత్‌ని అందులో ఎక్కించుకుని, వీధి చివరనున్న కమ్యూనిటీ హాల్లో ముహూర్తానికి దింపాలి. విదేశంలో వాళ్లుండే పేట పాయింట్ కుక్‌లోని తెలుగువాళ్లలో 1926 నాటి కారున్నది ఆయనొక్కడికే. ఆ సంగతి తెలియనివాళ్లు లేరు; ఉండనివ్వలేదు ఆయన.

ఆరు వోల్టుల ఛార్జరొకటి కొంటే సరిపోయేది. శ్రీపతికి అది నామోషీ.

"ఆ రోజుల్లో బల్బులు వరసగా కట్టి, వాటి గుండా కరెంటు పంపి ఛార్జ్ చేసేవాళ్లు. మనమూ అంతే," అన్నాడు భార్యతో.

"ఆ రోజుల్లో మెకానిక్కులు చేసేవాళ్లండీ. మీరు పేరోల్ సాఫ్ట్‌వేర్ చేస్తారు," అంది ఆండాళ్, చీర ఇస్త్రీ చేసుకుంటూ.

ఇంట్లోవన్నీ ఎల్ఈడీ బల్బులు. వాటితో పని జరగదు, ఫిలమెంటున్నవి కావాలి. చివరికి బాత్రూమ్ సీలింగులో దొరికాయి, చలికాలం స్నానానికి వెచ్చదనమిచ్చే పెద్ద ఎర్ర బల్బులు. విప్పుకుని గ్యారేజీకి పట్టుకుపోయాడు. ఈదురుగాలికి తలుపు దించేసి, ఏసీని డీసీ చేసే డయోడుతో సహా వైర్లు కలిపి, స్విచ్ వేశాడు. గ్యారేజీ అంతా కొలిమిలా ఎర్రబడింది. శ్రీపతి నల్లకళ్లద్దాలు పెట్టుకుని, చరిత్ర తన చేతుల మీదుగా నడుస్తున్నట్టు మురిసిపోయాడు.

అంతలో బాత్రూమ్‌లోంచి ఆండాళ్ కేక. "ఏమండీ! చచ్చిపోతున్నా!" చలికి అన్న మాట అది.

ఎదురింటి మార్గరెట్‌కి తెలుగు రాదు కానీ కేక అర్థమైంది. పైగా తలుపు కింది సందులోంచి ఎర్రటి వెలుగు. పరుగున వచ్చి తలుపు బాదింది. "శ్రీ! ఆర్ యూ ఓకే?"

"డోంట్ ఓపెన్! వెరీ హాట్!" అని శ్రీపతి ఆమెకు ధైర్యం చెప్పాడు.

ఆ ధైర్యంతోనే ఆమె అక్కడి ఎమర్జెన్సీ నంబరు ట్రిపుల్ జీరోకి ఫోన్ చేసింది.

ఫైరింజన్ వచ్చింది. సిబ్బంది కరెంటు ఆపి, తలుపు ఎత్తి, నల్లకళ్లద్దాల మనిషిని చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చారు. తడితలతో ఆండాళ్‌నీ తెచ్చారు. ఆమె భర్త వైపు చూసిన చూపు ముందు బల్బుల వేడి ఏపాటిది! బ్యాటరీ పరీక్షిస్తే తేలింది: వైర్లు తారుమారయ్యాయి. అందులో మిగిలిన కాస్త ఛార్జ్ కూడా పోయింది. ముందున్న హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేద్దామన్నా లాభం లేదు, ఆ కారు ఇంజన్‌కి బ్యాటరీయే దిక్కు.

సరిగ్గా అప్పుడే డోలు వాయించుకుంటూ మగపెళ్లివారు వీధిలోకి తిరిగారు. ముహూర్తం ముంచుకొస్తోంది, పరువు అప్పటికే మునిగింది.

జశ్వంత్ తల్లి ఉదయశ్రీ ఫైరింజన్‌ని చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అన్నయ్యగారూ, ఇంత గ్రాండ్‌గా అరేంజ్ చేశారా! ఒక్క మాట చెప్పలేదే!"

శ్రీపతి నిజం చెబుదామనే నోరు తెరిచాడు. తరవాత, తొందరేముందని మూసేశాడు.

ఫైర్ ఆఫీసరు కారునీ, తలపాగా పెట్టుకున్న కుర్రాణ్నీ, డోలునీ ఒకసారి చూశాడు. "నో వర్రీస్, మేట్. వి విల్ పుష్," అన్నాడు.

హెల్మెట్లు పెట్టుకున్న సిబ్బంది వెనకనుంచి తోస్తుంటే, జశ్వంత్ చెయ్యి ఊపుతుంటే, శ్రీపతి స్టీరింగ్ పట్టుకుని, ఇదంతా నెల్లాళ్లుగా వేసిన ప్లానన్నట్టు గంభీరంగా కూర్చున్నాడు. హాలు ముందు అందరూ చప్పట్లు కొట్టారు. ఆండాళ్ తప్ప.

మర్నాడు పక్క పేట టార్నీట్ నుంచి ఫోన్. "అంకుల్, మా పెళ్లికీ ఆ తోసే ప్యాకేజీనే కావాలి."

ఎక్కడ ఛార్జ్ ఎక్కి కారు తనంతట తానే కదులుతుందోనన్న భయంతో, శ్రీపతి ఇప్పుడు బ్యాటరీని కారులో పెట్టడమే మానేశాడు.